ఏ తలుపు తట్టాలి?

షవ్వాల్ మాసంలో మదర్సా తిరిగి తెరిచిన మొదటి వారం మాకు ఊపిరి సలపదు. ఈ సంవత్సరం ఆ హడావిడి సద్దుమణిగిన ఒక మధ్యాహ్నం, జుహర్ నమాజు తరువాత, మా వద్ద నాజిరా చదువుతున్న ఒక పిల్లవాని తల్లి వచ్చి గది గుమ్మం దగ్గర నిలబడింది. వెనుక ఆమె మరిది ఉన్నాడు. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉన్నది.

“మౌలానా సాబ్, ఈ కాగితాలు ఒకసారి చూడండి. నేను ఇద్దత్‌లో ఉండిపోయాను. మావాళ్ళు తమకు తోచినట్లు తిరిగారు” అన్నది.

ఆమె భర్త హైదరాబాదులో ఆటో నడిపేవాడు. ఐదు నెలల క్రితం గుండెపోటుతో మరణించాడు. నగరం ఆ చివరనున్న ఒక పెద్ద ఆసుపత్రిలో కన్నుమూస్తే, తమ బస్తీ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. వితంతు పింఛను కొరకు ఆమె మరిది మొదట మండల కార్యాలయానికి వెళ్ళాడు. మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. అది నిజమే. తరువాత తమ బస్తీకి చెందిన నగరపాలక సర్కిల్ కార్యాలయానికి వెళ్ళాడు. కంప్యూటర్‌లో చూసి, “ఈ పేరు మా వద్ద నమోదు కాలేదు” అన్నారు. అదీ నిజమే. ఆ మాటను అతడు “ఎక్కడా నమోదు కాలేదు” అని అర్థం చేసుకున్నాడు. బయట చెట్టు క్రింద కూర్చున్న ఒక దళారి, గడువు దాటిపోయిందనీ, అఫిడవిట్ వేసి పై అధికారి అనుమతి తేవాలనీ చెప్పి, విడతలు విడతలుగా ఆరు వేల రూపాయలు తీసుకున్నాడు. అఫిడవిట్ మాత్రం సంచీలో ఉన్నది. అనుమతి రాలేదు.

సంచీ అడుగున మడతపడి ఆసుపత్రి ఇచ్చిన చీటీ ఉన్నది. దానిని ఇంతవరకు ఎవ్వరూ ఏ కిటికీ వద్దా చూపలేదు.

మా పూర్వ విద్యార్థి ఒకడు మీసేవ కేంద్రంలో పనిచేస్తున్నాడు. ఆసుపత్రి పేరు, మరణించిన తేదీ చెప్పగానే అతడు రికార్డును వెదికి తీశాడు. మరణం తొమ్మిదవ రోజుననే నమోదై ఉన్నది! ఆసుపత్రి తన బాధ్యతను సకాలంలో నెరవేర్చింది. అయితే ఆ నమోదు ఆసుపత్రి ఉన్న సర్కిల్‌లో జరిగింది గాని, మృతుని ఇల్లు ఉన్న సర్కిల్‌లో కాదు. ఆలస్యం లేదు, అనుమతి అవసరం లేదు, అఫిడవిట్ అవసరమే లేదు. పేరులో మాత్రం చిన్న తేడా ఉన్నది. ఆధార్‌లో ‘ఖ్వాజా’ అనీ, ఆసుపత్రి పుస్తకంలో ‘ఖాజా’ అనీ ఉన్నది. దిద్దుకోవలసినది అదొక్కటే.

ఆ రోజు నుండి ఈ విషయం మా మనసును వదలలేదు. ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి కిటికీ తన మేరకు నిజమే చెప్పింది. కాని ఏ కిటికీ కూడా సరైన కిటికీ ఎక్కడున్నదో చెప్పలేదు. చెప్పినవాడు ఒక్క దళారియే, అతడు తప్పుదారి చెప్పాడు.

దీనికొక చిన్న తాళంచెవి ఉన్నదని మా అనుభవంలో తెలుసుకున్నాము. ఏ పనికైనా బయలుదేరే ముందు మనల్ని మనమే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ పని దేనిని అంటిపెట్టుకొని ఉన్నది? సంఘటన జరిగిన చోటునా, మనం నివసించే చోటునా, లేక ఆస్తి ఉన్న చోటునా?

జననం, మరణం సంఘటనలు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం అవి ఎక్కడ జరిగాయో అక్కడే నమోదవుతాయి. కాన్పు పుట్టింట జరిగితే పుట్టింటి ఊరిలోనే బిడ్డ జనన నమోదు. మెట్టినింటి కార్యాలయంలో ఎంత వెదికినా దొరకదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలోని ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ వివరాలు కంటోన్మెంట్ బోర్డు వద్ద ఉంటాయి. ఎందుకంటే అది నగరపాలక సంస్థలో భాగం కాదు, వేరొక సంస్థ. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పింఛను వంటివి మనిషి నివాసాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. వీటికి నివాసమున్న మండలపు తహసీల్దారు కార్యాలయమే ఆధారం. ఇంటి పన్ను, తండ్రి పోయిన తరువాత పన్ను రికార్డులో వారసుల పేరు ఎక్కించడం ఆస్తిని అంటిపెట్టుకొని ఉంటాయి. మనం ఎక్కడ అద్దెకున్నా, ఇల్లు ఉన్న సర్కిల్ కార్యాలయానికే వెళ్ళాలి.

నగరవాసులను ఎక్కువగా తికమకపెట్టేది నగరపాలక సంస్థకూ రెవెన్యూ శాఖకూ గల భేదం. నగరపాలక సంస్థకు కమిషనర్, జోన్లు, సర్కిళ్లు, వార్డులు. రెవెన్యూ శాఖకు కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దారు. ఈ రెండు వ్యవస్థల హద్దులు ఒకదానితో ఒకటి కలవవు. హైదరాబాద్ జిల్లాలో 16 మండలాలున్నాయి. నగరపాలక పరిధి మాత్రం ఆ జిల్లాతో ఆగక, పక్కనున్న రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలలోకి కూడా పాకింది. 2007లో 12 పురపాలికలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి మహానగరపాలక సంస్థ ఏర్పడింది. 2016లో జిల్లాలు, మండలాలు కొత్తగా విభజింపబడ్డాయి. ఆ తరువాత కూడా హద్దులు మారుతూనే వచ్చాయి. కనుక పదేళ్ల క్రితం అన్నగారు వెళ్ళిన కార్యాలయమే నేడు తమ్మునికీ వర్తిస్తుందనుకోరాదు. ఒకే వీధిలో ఎడమవైపు ఇళ్ళు ఒక మండలంలోనూ, కుడివైపు ఇళ్ళు మరొక మండలంలోనూ ఉండటం మేము కళ్ళారా చూశాము.

దానికి తోడు ‘సర్కిల్’ అనే మాట! నగరపాలక సంస్థకు సర్కిల్ కార్యాలయాలున్నాయి. రేషను వ్యవహారం చూసే పౌర సరఫరాల శాఖకూ హైదరాబాదులో వేరే సర్కిల్ కార్యాలయాలున్నాయి. విద్యుత్ పంపిణీ సంస్థకు కూడా సర్కిళ్లున్నాయి. ఆటో ఎక్కి “సర్కిల్ ఆఫీసుకు పోనివ్వు” అంటే ఏ సర్కిల్‌కు చేరతామో అల్లాహ్‌కే తెలుసు.

నీటి విషయమూ అంతే. నల్లా రాకపోయినా, మురుగు మ్యాన్‌హోల్ పొంగినా అది జలమండలి పని. జలమండలి 1989లో ప్రత్యేక చట్టంతో ఏర్పడిన సంస్థ. దాని ఫిర్యాదుల నంబరు 155313. చెత్త తీయకపోయినా, వీధి దీపం వెలగకపోయినా నగరపాలక సంస్థకు చెప్పాలి. కరెంటు పోతే 1912. మసీదు ముందు మురుగు పొంగినప్పుడల్లా కార్పొరేటరు ఇంటికి పరుగెత్తే మన పెద్దలు, ముందు ఆ ఒక్క నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకుంటే సగం పని అయినట్లే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ కార్యాలయాలలో వినబడే మాటలు మనకు కొత్తవి కావు. అర్జీ, నకలు, వసూలు, జిల్లా, వారసుడు, హద్దు, ఇవన్నీ అరబీ నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవే. ‘తహసీల్’ అంటే సేకరించడం, సంపాదించడం. మా మదర్సాలలో విద్యార్జనకు వాడే మాట కూడా ‘తహసీల్’ అన్నదే. ‘దళారి’ మాట మరీ విచిత్రం. దాని మూలం ‘దల్లాల్’. దారి చూపడం అనే అర్థమున్న ధాతువు నుండి అది పుట్టింది. ఆధారం, నిదర్శనం అనే అర్థంలో మనం వాడే ‘దలీల్’ కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. మంచి పనికి దారి చూపినవానికి ఆ పని చేసినవానితో సమానమైన పుణ్యం ఉన్నదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేసిన హదీసులో ‘దారి చూపిన’ అన్న క్రియ సైతం అదే ధాతువుది. దారి చూపడం పుణ్యకార్యంగా ఉండవలసిన చోట, ఆ పనిని మనం చేయక వదిలివేస్తే, అదే పేరుతో మరొకడు చెట్టు క్రింద కూర్చొని సొమ్ము చేసుకుంటున్నాడు.

ఆ తల్లి విషయంలో మమ్మల్ని ఎక్కువ బాధించినది ఇద్దత్ గురించిన అపోహ. భర్త మరణించిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. మరణం ఆసుపత్రిలో గాక ఇంట్లో సంభవిస్తే, ఆసుపత్రి తెలియజేయదు. కుటుంబమే తెలియజేయాలి. చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. ఆ లోగా రుసుము లేకుండానే నమోదు చేస్తారు. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఆ తరువాత ఏడాది వరకు నిర్ణీత అధికారి లిఖితపూర్వక అనుమతితో నమోదవుతుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తరువాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. “ఇద్దత్ ముగిసిన తరువాత చూద్దాం” అని ఇంట్లో కూర్చుంటే, 21 రోజుల పని అనుమతుల పనిగా మారుతుంది.

షరీఅత్ అంత కష్టం పెట్టలేదు. వితంతువు అవసరం కొరకు పగటివేళ బయటకు వెళ్ళి, రాత్రికి ఇంటికి చేరవచ్చునని హనఫీ ఫిఖ్‌హ్‌లో స్పష్టంగా ఉన్నది. అంతకన్నా ముఖ్యంగా, మరణాన్ని తెలియజేయడానికి ఆమే వెళ్ళవలసిన పని లేదు. ఇంట్లోని దగ్గరి బంధువెవరైనా తెలియజేయవచ్చు. ఖననం నాడు ఖబరస్తాన్ వారి వద్ద రసీదు తీసుకొని దాచుకోవడం, మూడవ రోజుననో నాల్గవ రోజుననో అన్నదమ్ములలో ఒకరు వెళ్ళి నమోదు చేయించడం చాలు. జనాజాకు వందలమంది వస్తారు. ఈ ఒక్క పనికి మాత్రం ఒక్కరు దొరకరు.

పిల్లల పేర్ల విషయం కూడా ప్రవేశాల సమయంలో ప్రతి ఏటా మాకు ఎదురవుతుంది. ఆసుపత్రివారు కాన్పు వివరాలను వెంటనే పంపివేస్తారు. మనం ఏడవ రోజున అఖీఖా చేసి పేరు పెడతాము. అందువల్ల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. ఐదారేళ్ళ తరువాత, బడిలో చేర్చే రోజున ఆ ఖాళీని చూసి తల్లిదండ్రులు కంగారుపడతారు. కంగారు అవసరం లేదు. నమోదైన తేదీ నుండి 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 సంవత్సరాల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఎక్కడ? మళ్ళీ అదే జవాబు. బిడ్డ పుట్టిన చోటి కార్యాలయంలో. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో ప్రవేశానికి, ఓటరు జాబితాకు, ఆధార్‌కు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చెల్లుతుందని సవరించిన చట్టం చెబుతున్నది. కనుక ఈ కాగితాన్ని తేలికగా తీసుకునే రోజులు పోయాయి.

పేరు రాయించే ముందు తండ్రి, తల్లి ఆధార్ కార్డులు పక్కన పెట్టుకోవాలి. మన పేర్లు అరబీలో ఒక విధంగా, ఇంగ్లీషులో నాలుగు విధాలుగా రాయబడతాయి. ‘ముహమ్మద్’ ఒకచోట పూర్తిగా, మరొకచోట ‘ఎండీ’గా ఉంటుంది. ‘షేక్’ అనే మాటను ఎన్ని రకాల అక్షరాలతో రాస్తారో మా ప్రవేశ పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. ఉర్దూలో అన్నీ ఒకటే, కంప్యూటరుకు మాత్రం నలుగురు వేర్వేరు మనుషులు.

నికాహ్ విషయానికి వస్తే, ఖాజీగారు ఇచ్చే సియాహానామా మన వద్ద మూల పత్రం. పాస్‌పోర్టు, వీసా వంటి వాటికి ఆధికారిక వివాహ ధ్రువపత్రం అడిగినప్పుడు, తెలంగాణలో నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగాన్ని సంప్రదించాలి. పేద ఆడపిల్లల వివాహానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే షాదీ ముబారక్ సహాయం 2014లో 51 వేల రూపాయలతో మొదలై, ప్రస్తుతం 1,00,116 రూపాయలుగా ఉన్నది. ఇందులోనూ చాలామంది పొరపడి వక్ఫ్ బోర్డు చుట్టూ తిరుగుతుంటారు. దరఖాస్తు మీసేవ ద్వారా వెళ్ళి, పరిశీలనకు తహసీల్దారు కార్యాలయానికే చేరుతుంది. వధువుకు 18 ఏళ్ళు నిండి ఉండాలి.

కుల ధ్రువపత్రం గురించి ఒక్క మాట. ముస్లింలలో బీసీ–ఇ జాబితాలోని వర్గాలకు 4 శాతం రిజర్వేషను ఉన్నది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు అందులో లేవు. అట్టివారు బీసీ–ఇ కొరకు తిరిగి నిరాశపడే బదులు, కుటుంబ ఆదాయం మొదలైన అర్హతలుంటే ఆర్థికంగా బలహీన వర్గాల ధ్రువపత్రం కొరకు అదే తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ నగరాలలోని పాఠకులకు ఈ దారి కొంత సులువు. 2019 అక్టోబరు 2న అక్కడ మొదలైన వార్డు సచివాలయాలు సుమారు 4,000 జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడ్డాయి. విజయవాడలోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఉన్నవారు తమ వార్డు సచివాలయం ఏదో తెలుసుకుంటే, రెవెన్యూ, పారిశుద్ధ్యం, ఆరోగ్యం, సంక్షేమం వంటి పనులకు మొదటి ప్రశ్న అక్కడే వేయవచ్చు. అయితే దరఖాస్తు అక్కడ తీసుకున్నా, సంతకం చేయవలసిన అధికారి వేరుగా ఉండవచ్చు. మీసేవ విషయమూ అంతే. అది కిటికీ మాత్రమే. నిర్ణయం కిటికీ వెనుక మరొకచోట జరుగుతుంది. కనుక దరఖాస్తు ఇచ్చిన రోజే, “ఇది ఏ అధికారి వద్దకు వెళుతుంది?” అని అడిగి, రసీదు వెనుక ఆ హోదా రాసుకోవాలి. ఇది అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

వ్యవహారాన్ని కాగితం మీద పెట్టడంలో మన ధర్మం మనకు ఏనాడో శిక్షణ ఇచ్చింది. ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే దీర్ఘమైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవడం గురించే. ఆ ఆయత్‌ను తరగతిలో బోధించే మేమే, ఇంటి కాగితాలను బియ్యపు డబ్బా క్రింద దోపడం చూసి మా మీద మాకే నవ్వు వస్తుంది. లంచం ఇచ్చేవానిని, తీసుకునేవానిని కూడా దైవప్రవక్త (స) శపించారన్న హదీసు మనందరికీ తెలుసు. కాని సరైన దారి తెలియనివాని చేత లంచం ఇప్పించడంలో దారి తెలిసి చెప్పనివాని వాటా ఎంత అన్నది మేము తరచుగా ఆలోచిస్తుంటాము.

ఏ తలుపో ఎంతకూ తెలియనప్పుడు రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, తెలంగాణలో కలెక్టరు కార్యాలయంలో సోమవారాలు జరిగే ప్రజావాణి. అక్కడ ఇచ్చిన అర్జీని సంబంధిత శాఖకు పంపుతారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారాలు కలెక్టరేట్లలో అర్జీలు స్వీకరిస్తారు. రెండవది, 2005 నాటి సమాచార హక్కు చట్టం. రుసుము పది రూపాయలకు మించదు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. ఈ చట్టంలోని 6(3) సెక్షను మాకు ఎంతో నచ్చింది. దరఖాస్తు తప్పు కార్యాలయానికి చేరినా, “మాది కాదు” అని త్రిప్పి పంపరాదు. ఐదు రోజుల లోపు సరైన కార్యాలయానికి వారే బదిలీ చేసి, ఆ సంగతి మనకు తెలియజేయాలి. మిగిలిన పనులకు కూడా ఇటువంటి నియమం ఉంటే ఆ తల్లి సంచీ అంత బరువెక్కేది కాదు.

మా మదర్సాలో ఇప్పుడు వుజూ ఖానా పక్కన గోడకు ఒక కాగితం అంటించాము. మా బస్తీ ఏ వార్డు, ఏ సర్కిల్, ఏ మండలం క్రిందకు వస్తుందో, ఆ కార్యాలయాలు ఎక్కడున్నాయో, పైన చెప్పిన నంబర్లేమిటో పెద్ద అక్షరాలతో ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించాము. హద్దులు మారినప్పుడు దిద్దే బాధ్యత పై తరగతి విద్యార్థులు ఇద్దరికి అప్పగించాము. వారు ఆ పని కొరకు స్వయంగా రెండు కార్యాలయాలకు వెళ్ళి వచ్చారు. ఒకచోట పాత చిరునామాకు తాళం వేసి ఉన్నదట, కార్యాలయం వేరే భవనానికి మారి చాలా కాలమైందట. జుమా నాడు ఖుత్బాకు ముందు రెండు నిమిషాలు ఈ కాగితం గురించి చెప్పమని ఇమాము సాహెబ్‌ను కోరాము. ఆయన మొదట సందేహించారు గాని, ఆ వారమే ఆయన మేనల్లునికి జనన ధ్రువపత్రం అవసరం రావడంతో ఒప్పుకున్నారు.

ఆ తల్లి వ్యవహారం ఇలా సాగింది. ఆసుపత్రి ఉన్న సర్కిల్ కార్యాలయంలో, ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీ, ఇద్దరు సాక్షుల వాంగ్మూలం జతపరచి పేరు సవరణకు దరఖాస్తు ఇచ్చారు. ఈసారి ఆమె తానే వెళ్ళింది, మరిది తోడు నిలిచాడు. సరిదిద్దిన ధ్రువపత్రం బక్రీదుకు ముందు వారం చేతికి వచ్చింది. దానితో నివాసమున్న మండల కార్యాలయంలో పింఛను కొరకు ఒక అర్జీ, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కొరకు మరొక అర్జీ పెట్టింది. 18 నుండి 59 ఏళ్ల వయసులో సంపాదనాపరుడు మరణించిన పేద కుటుంబానికి ఆ పథకం క్రింద ఒకేసారి 20,000 రూపాయలు వస్తాయి. అటువంటి పథకం ఒకటున్నదని ఆమెకు గాని, నిజం చెప్పాలంటే అంతవరకు మాకు గాని తెలియదు. రెండు అర్జీలూ పరిశీలనలో ఉన్నాయి. దళారికి ఇచ్చిన ఆరు వేలు తిరిగి రాలేదు.